వెలిగొండల పాదాన మౌంటెన్ బైకు తొక్కదగిన దారులు ఏవి?

ప్రశ్న: కావలి సైకిలు

అందరికీ నమస్కారం. మాది కావలి. ఏడాదిన్నర క్రితం ముందువైపు మాత్రమే సస్పెన్షన్ ఉన్న 29 అంగుళాల మౌంటెన్ బైకు కొన్నాను. ఇంతకాలమూ తుమ్మలపెంట సముద్రతీరం దాకా, కాలువ గట్ల మీదా తొక్కి, కాళ్లకు కొంత సత్తువ వచ్చిందన్న నమ్మకం కుదిరాక, మొన్న సంక్రాంతి సెలవుల్లో సైకిలును కారు వెనుక బిగించుకుని ఉదయగిరి మీదుగా సీతారామపురం వైపు వెళ్లాను. అక్కడ జరిగింది ముందు చెప్పి, ఆ తరువాత నా సందేహాలు అడుగుతాను.

రోడ్డు పక్కన ఒక పల్లెలో కారు నిలిపి, ఊరి వెనుక నుంచి కొండవైపు పోయే బండిబాట పట్టుకున్నాను. మొదటి నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి, గరుసు నేల, హాయిగా సాగింది. ఆ తరువాత బాట సన్నబడి, ఒక వాగు దాటి, ఎదురుగా కనిపిస్తున్న కొండ మీదికి నిటారుగా ఎక్కసాగింది. కాలు పెడితే చాలు పలకరాళ్లు ఒకదాని మీద ఒకటి జారిపోతుంటే, సైకిలు దిగి తోసుకుంటూ అరగంట పైకి పోయాను. అసలు సంగతి దిగేటప్పుడు తెలిసింది. వెనుక చక్రం ఒక రాతి అంచును ఒరుసుకుంటూ పక్కకు జారింది, 'స్సు'మని చప్పుడైంది, దిగి చూస్తే టైరు పక్కభాగం రెండంగుళాల మేర బ్లేడు పెట్టి కోసినట్టు తెగి ఉంది. ట్యూబు మార్చి గాలి కొడితే, కొత్త ట్యూబు ఆ చీలికలోంచి బుడగలా బయటికి ఉబికి, పది నిమిషాల్లో అదీ పగిలింది.

సైకిలును నడిపించుకుంటూ వస్తుంటే ఒక గొర్రెల కాపరి ఎదురయ్యాడు. నా వీపుసంచీనీ సైకిలునూ కిందికీ మీదికీ చూసి, "ఎర్రచందనం కోసం వచ్చినోడివి కాదు గదా అబ్బయ్యా?" అని అడిగాడు. కాదని నమ్మకం కలిగాక, తడిగుడ్డ చుట్టిన సీసాలో నీళ్లు ఇచ్చాడు. పల్లెలో పంచర్లు వేసే మేస్త్రీ చెప్పులు కుట్టే దారంతో ఆ చీలికను కుట్టి, లోపల పాత స్కూటరు ట్యూబు ముక్క అంటించి ముప్ఫై రూపాయలు తీసుకున్నాడు. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

నా సందేహాలు ఇవి. ఉదయగిరి, సీతారామపురం, పామూరు, భైరవకోన చుట్టుపక్కల సైకిలు దిగకుండా తొక్కగలిగే దారులు ఎలాంటి చోట దొరుకుతాయి? అడవిలోకి పోవడానికి అనుమతి కావాలా, కావలసివస్తే హద్దు ఎక్కడ మొదలవుతుందో మనకెలా తెలుస్తుంది? టైరు విషయంలో నేను చేసిన తప్పేమిటి? ముళ్ల భయానికి టైర్లలో గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ కొట్టించుకోమని సైకిలు కొన్న దుకాణంలో చెప్పారు, అలాగే చేశాను. నా బరువు 72 కిలోలు.

జవాబు: పామూరు మెట్ట

కావలి సైకిలు గారికి, మీరు ఎంచుకున్న ప్రాంతం మంచిదే గానీ, పోయిన దిక్కు సరికాదు. వెలిగొండలు కనబడగానే ఎవరికైనా ఎక్కాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది, నాకూ రెండు టైర్లు పోయాయి. పదేళ్లుగా ఈ పక్క తొక్కుతున్నవాడిగా చెబుతున్నాను, ఇక్కడ సైకిలుకు దక్కేది కొండపాదమే. కొండను కుడిచేతి పక్కనో ఎడమచేతి పక్కనో పెట్టుకుని దాని వెంబడి పొండి, దాని మీదికి పోకండి.

ఇందుకు కారణం రాయి. వెలిగొండలు తూర్పు కనుమల్లో భాగం. మన మెట్ట ప్రాంతానికి పడమటి గోడలా నిలిచి, అవతలి కడప జిల్లాను వేరు చేస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప శిలలు అని పిలిచే ఈ రాళ్లలో ముఖ్యమైనవి క్వార్ట్‌జైటు, పలకరాయి. క్వార్ట్‌జైటు అంటే, ఒకప్పటి ఇసుకరాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి, రేణువులన్నీ ఒకదానిలో ఒకటి కరుచుకుపోయిన రాయి. అది అరగదు, విరుగుతుంది, విరిగిన అంచు కత్తిలా ఉంటుంది. పలకరాయి పొరలుపొరలుగా విడిపోతుంది. మార్కాపురంలో బడిపిల్లల పలకలు తయారైంది ఆ గుణం వల్లనే. కొండ వాలు మీద ఈ రెండూ కలిసి రాలి పడి ఉంటాయి గనుక, అక్కడ బాట అన్నది కంటికి కనిపించినా చక్రం కింద నిలవదు. మీ టైరును కోసింది కూడా అదే.

అయితే ఆ రాళ్లనే వాగులు కిందికి దొర్లించుకుని వచ్చి, కోన నోటి దగ్గర విసనకర్ర విప్పినట్టు పరుస్తాయి. నీటి వేగం తగ్గేకొద్దీ బరువైన రాయి ముందు ఆగిపోతుంది, తేలికది ఇంకా కిందికి పోతుంది. అందువల్ల కోన మొదట్లో తలకాయంత గుండ్లు ఉంటే, అర కిలోమీటరు దిగువన పిడికిలంత రాళ్లు, మరికొంత దిగువన శనగగింజంత గరుసు కనిపిస్తాయి. ఆ శనగగింజ పట్టీ మనకు కావలసిన చోటు. నీళ్లు నిలవవు, వాన వెలిసిన మరునాటికే గట్టిపడుతుంది, వాలు మెల్లగా ఉంటుంది, అక్కడక్కడా చిన్న వంకలు అడ్డు వచ్చి దిగి ఎక్కవలసి రావడంతో విసుగు పుట్టదు. నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే, బాట మీది రాళ్లలో సగం నా పిడికిలి కంటే పెద్దవి కాగానే వెనక్కి తిరుగుతాను. మీరు దాటిన వాగు దగ్గర రాళ్లు ఎంతెంత ఉన్నాయో ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి.

ఇక చోట్ల విషయం. పామూరు నుంచి చంద్రశేఖరపురం మీదుగా సీతారామపురం వైపు పోయే 167బి జాతీయ రహదారికి ఇరుపక్కలా ఇలాంటి నేల విస్తారంగా ఉంది. ఊరికీ ఊరికీ మధ్య పాత డొంకలు, చెరువు కట్టలు, మెట్ట చేల మధ్య బండిబాటలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఏ ఒక్కటీ పొడుగ్గా ఉండదు గానీ, నాలుగైదు ముక్కలను కలుపుకుంటే ఇరవై కిలోమీటర్ల చుట్టు వస్తుంది. ఇక్కడ తెలిసినవాళ్లు గీసిపెట్టిన దారిపటం ఏదీ లేదు. ఉపగ్రహ చిత్రం చూసుకుని, ఊళ్లో ఒకరిని అడిగి పోవడమే. అడిగేటప్పుడు "సైకిలు పోతుందా" అనకండి, పోతుందనే చెబుతారు. "ఎద్దుల బండి పోతుందా, ట్రాక్టరు పోతుందా" అని అడిగితే నిజం తెలుస్తుంది.

భైరవకోనకు తారు రోడ్డు మీద పోయి, సైకిలును కింద పెట్టి, నడిచి చూడండి. కొండను తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు వరుసగా ఉన్నాయి, పక్కనే జలపాతం. అక్కడి మెట్ల మీద సైకిలు దించే వీడియోలు తీయాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి, అది గుడి. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం ఆ దిక్కుకే పోకండి, జనం కిక్కిరిసి ఉంటారు.

కాలం గురించి మీరు అడగలేదు గానీ చెప్పవలసిందే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. డిసెంబరు నెలాఖరుకు వాగులు తగ్గి, నేల బిగిసి, గాలిలో చలి ఉంటుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి నెలాఖరు వరకు తొక్కండి. మార్చిలో పొద్దున తొమ్మిది దాకా. ఆ తరువాత, రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ పలకరాళ్లు పొయ్యి మీది పెనంలా కాలుతుంటే కొండపాదాన తిరగడం సాహసం అనిపించుకోదు.

జవాబు: మర్రిపాడు మలుపు

అనుమతి గురించి అడిగిన భాగానికి నేను జవాబు రాస్తాను, ఎందుకంటే దీన్ని తేలికగా తీసుకుని తలనొప్పి తెచ్చుకున్నవాళ్లను చూశాను.

మనం మాటల్లో అడవి అని ఒకే పదం వాడతాం గానీ చట్టం దృష్టిలో అది ఒకటి కాదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా ప్రవేశించడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యమైతే ఇంకా కట్టుదిట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం అక్కడ నివసించేవాళ్లు, విధుల్లో ఉన్నవాళ్లు, లోపలి నుంచి పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించేవాళ్లు వంటి కొందరు తప్ప ఇతరులు అనుమతి పత్రం లేకుండా అడుగు పెట్టకూడదు. దక్షిణాన రాపూరు, పెంచలకోన పక్క ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంతో నెల్లూరు, కడప జిల్లాల్లో పరుచుకుని ఉంది. పెంచలకోన గుడికి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోవచ్చు. గుడి వెనుక కాలిబాట కనిపించింది కదా అని లోపలికి దూరకూడదు.

ఉత్తరాన గిద్దలూరు, మార్కాపురం, దోర్నాల వైపు నల్లమల మరీ సున్నితమైన చోటు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డును రాత్రిపూట వాహనాలకు మూసివేస్తారంటేనే అక్కడి సంగతి అర్థమవుతుంది. నల్లమలలో మట్టిబాటల మీద సైకిలు అన్న ఊహే పెట్టుకోకండి.

కాపరి మిమ్మల్ని ఎర్రచందనం గురించి అడగడం తమాషాగా తోచి ఉండవచ్చు, కానీ అది ఆయన జీవితంలో రోజూ ఉండే విషయం. ఎర్రచందనం ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, అంటే ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు కొండల్లో. దొంగ నరుకుడును అడ్డుకోవడానికి ప్రత్యేక దళాలే తిరుగుతుంటాయి. తెల్లవారక ముందు, తలకు లైటు పెట్టుకుని, వీపున సంచీతో, ఊరి బాట కాని బాటలో పోతున్న కొత్త మనిషిని వాళ్లు సైకిలు ఆటగాడు అనుకోవాలని మనం ఆశించడం న్యాయం కాదు. ఊళ్లోవాళ్లు కూడా అంతే. ఎవరో ఒకరు ఫోను చేస్తారు.

హద్దును ఎలా గుర్తుపట్టాలి అంటే, సున్నం కొట్టిన హద్దురాళ్లు, గుట్టగా పేర్చిన రాళ్లకుప్పలు, పశువులు దాటకుండా తవ్విన కందకం, అటవీ శాఖవారి బోర్డు, వరుసలు తీర్చి నాటిన చెట్లు, వీటిలో ఏది కనబడినా అక్కడ ఆగిపోండి. ఫోనులోని సైకిలు యాప్‌లో ఎవరో తొక్కిన గీత కనిపిస్తోందంటే ఆ మనిషి అక్కడికి పోయాడనే అర్థం, పోవచ్చునని కాదు. సందేహం ఉంటే సంబంధిత అటవీ రేంజి కార్యాలయానికి పనిదినాన వెళ్లి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ తేదీన, ఎంతమంది అని ఒక కాగితం మీద రాసి అడగండి.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. అడవి హద్దుకు ఇవతల ఉన్న తుప్పలనూ ముళ్లపొదలనూ పనికిరాని నేల అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ కొండలకు అవతల, కడప జిల్లాలో, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది ఇలాంటి తుప్ప అడవిలోనే. కాబట్టి ఉన్న బాట మీదనే పొండి. పొదల్లోంచి కొత్త దారి చేయకండి.

జవాబు: ఒంగోలు చువ్వలు

టైరు గురించి. ఆరేళ్లుగా మౌంటెన్ బైకు తొక్కుతూ, నా సైకిలుకు, మరో నలుగురి సైకిళ్లకు కూడా మరమ్మతులు చేస్తున్నదాన్ని కాబట్టి కాస్త విపులంగానే రాస్తాను.

యాభై పీఎస్‌ఐ తారు రోడ్డుకు సరిపోతుంది. రాళ్ల మీద అంత గాలితో పోతే టైరు ప్రతి రాయినీ తాకి ఎగిరిపడుతుంది, నేలను పట్టుకోదు. మీ చక్రం జారడానికి సగం కారణం అదే. ముల్లు విషయంలోనూ గాలి ఎక్కువ ఉంటే రక్షణ ఏమీ లేదు. బిగిసిన టైరు పల్లేరుకాయ మీద నుంచి పోతే ముల్లు సూటిగా దిగుతుంది. మీ బరువుకు, 2.25 అంగుళాల టైరుకు, ట్యూబు లేకుండా అయితే ముందు 23 లేదా 24, వెనుక 26 లేదా 27 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, నేలను బట్టి ఒక్కొక్క పీఎస్‌ఐ మార్చి చూడండి. ట్యూబుతోనే తొక్కుతానంటే ముప్ఫై కంటే తగ్గించకండి; తగ్గితే రాతి దెబ్బకు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి.

మన ప్రాంతంలో ట్యూబులెస్ పద్ధతికి మారడం సౌకర్యం కోసం అనుకోకండి, అది అవసరం. సర్కారు తుమ్మ, రేగు, పల్లేరు ఉన్న నేల మీద ట్యూబుతో తొక్కితే ఒక పూటకు నాలుగు పంచర్లు నేనే వేసుకున్నాను. టైరులో పోసే జిగురు ద్రవం చిన్న చిల్లులను తనంతట తానే మూసేస్తుంది. ముల్లు కనబడితే, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి, అప్పుడు పీకండి. ద్రవం అక్కడికి చేరి మూసుకుంటుంది. అయితే సీసా మీద ఆరు నెలలు అని రాసి ఉన్నా మన ఎండలకు అది రెండు మూడు నెలలకే ఎండి, లోపల రబ్బరు తొక్కలా మిగులుతుంది. చక్రం చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. నీళ్ల చప్పుడు వినబడకపోతే మళ్లీ పోయవలసిందే.

పక్కభాగం తెగితే మాత్రం ద్రవం ఏమీ చేయలేదు. ఆ ఊరి మేస్త్రీ చేసినదే సరైన వైద్యం. నేను సంచీలో అరచేయంత పాత టైరు ముక్క, లావుపాటి సూది, మైనం పట్టించిన దారం, ఒక ట్యూబు ఎప్పుడూ పెట్టుకుంటాను. కొత్త టైరు కొనేటప్పుడు పక్కభాగానికి అదనపు పొర ఉన్న రకాన్ని అడగండి. వంద, నూట యాభై గ్రాములు బరువు పెరుగుతుంది. సైకిలును నడిపించుకుంటూ ఇంటికి రావడం కంటే అది నయం.

దిగేటప్పుడు సీటును నాలుగు వేళ్లు కిందికి దించి, పిరుదులు సీటుకు వెనుకగా, మోచేతులు వంచి, చూపు పది పదిహేను అడుగుల ముందు ఉంచండి. గరుసు మీద ముందు బ్రేకును మలుపులో పట్టకూడదు. మలుపుకు ముందు, చక్రం తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, మలుపులో రెండు బ్రేకులూ వదిలేయండి. చెప్పడం తేలికే, చేతికి అలవాటు కావడానికి నాకు ఒక వేసవి, ఒక మోచేయి పట్టాయి.

చీమకుర్తి గ్రానైటు క్వారీల దారులు బాగుంటాయని కొందరు అంటారు. బాగుండవు. రాళ్ల లారీలు, పేలుళ్లు, అంచుకు కంచె లేని నీళ్ల గుంతలు. అక్కడికి సైకిలు తీసుకుపోవలసిన పని లేదు.

జవాబు: ఉదయగిరి కుర్రవాడు

అందరూ కొండ ఎక్కవద్దంటున్నారు, మరి మా దుర్గం సంగతేమిటి? దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు, పైన కోట, కిందికి చూస్తే ఊరంతా అగ్గిపెట్టెల్లా కనిపిస్తుంది. మేము నలుగురం కలిసి ఒక పక్క పొదలు కొట్టి, నేరుగా కిందికి దిగే దారి చేద్దామనుకుంటున్నాము. మొదలుపెడితే సాయానికి ఎవరైనా వస్తారా?

జవాబు: పామూరు మెట్ట

తమ్ముడూ, నీ ఉత్సాహం నాకు నచ్చింది, అయినా రాను. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు గజపతుల చేతిలోంచి ఆ దుర్గాన్ని తీసుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వేయవలసి వచ్చింది. 1514లో గానీ కోట లొంగలేదు. శత్రువు ఎక్కలేకుండా ఉండాలనే ఎంచుకున్న కొండ అది, మనం దిగడానికి వీలుగా ఎందుకుంటుంది? పైగా అక్కడ ప్రాకారాలు, శిథిలాలయాలు ఉన్నాయి. నువ్వు పొదలు కొట్టే చోట ఏ గోడ పునాది ఉందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

చరిత్రను పక్కన పెట్టినా, నేరుగా కిందికి దిగే దారి దారిగా ఉండేది ఒక్క వానాకాలమే. వాన నీరు ఎప్పుడూ దగ్గరి తోవ వెతుక్కుంటుంది. నువ్వు పొదలు కొట్టి ఇచ్చిన గాడిలోకి దిగి, మట్టిని కోసుకుపోయి, మరుసటి ఏటికి మోకాలి లోతు వంక చేసి పెడుతుంది. సైకిలు దారులు వేసే అనుభవజ్ఞులు పాటించే లెక్క ఒకటుంది. బాట వాలు, అది పోయే కొండ పక్క వాలులో సగానికి మించకూడదు. మొత్తం మీద సగటున నూరడుగులు ముందుకు పోతే పదడుగులకు మించి ఎక్కకూడదు. అప్పుడు నీరు బాటను అడ్డంగా దాటి పోతుందే తప్ప బాట వెంబడి పారదు. ఈ లెక్క దుర్గం మీద ఏ పక్కా కుదరదు. ఊళ్లో ఎవరి సొంత మెట్ట నేలైనా, ఆయన ఒప్పుకుంటే, నాలుగెకరాల్లో అడ్డంగా తిరిగే చిన్న బాట వేద్దాము. ఆ పనికైతే నేనే పార పట్టుకుని వస్తాను.

జవాబు: జోడిపి

మాది సీతారామపురం దగ్గర పల్లె. నాన్న ఇప్పటికీ గొర్రెలు కాస్తారు, నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తూ సెలవులకు పోయినప్పుడు సైకిలు తొక్కుతాను. నా పేరు కింద పెట్టుకున్న మాట తెలియనివాళ్లకు చెబుతున్నాను. నెల్లూరు గొర్రెల్లో మూడు రకాలు: తెల్లగా ఉండేది పల్ల, గోధుమ ఎరుపు రంగుది దొర, తెల్లటి ఒంటితో కళ్ల చుట్టూ, దవడకూ, పొట్టకూ నలుపు ఉండేది జోడిపి.

పామూరు మెట్ట గారు వాలు లెక్క చెప్పారు కదా, ఆ లెక్క తెలియకుండానే మా గొర్రెలు బాటలు వేసి పెట్టాయి. మంద రోజూ మేతకు పోయేటప్పుడు కొండపాదాన్ని అడ్డంగా పట్టుకుని, ఎత్తు మారకుండా, వంక వచ్చిన చోట మాత్రం కాస్త పైకి పోయి సన్నగా ఉన్న దగ్గర దాటుతుంది. మేకల బాట అలా ఉండదు. మేక ఆకు కోసం బండ మీదికి ఎక్కుతుంది, దాని బాట పట్టుకుంటే మీరు కొండ నెత్తిన తేలుతారు. రెండింటినీ గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బాట పక్క పొదల్లో మనిషి నడుము ఎత్తు దాకా లేత కొమ్మలు కొరికేసి ఉంటే అటు మేకలు పోయాయని అర్థం. పొదలు బాగానే ఉండి కింద గడ్డి మాత్రం గొరిగినట్టు ఉంటే అది గొర్రెల బాట. కావలి సైకిలు గారు ఎక్కింది మేకల బాట అయి ఉంటుందని నా అనుమానం.

మంచు ఆరకుండా గడ్డి మేస్తే కడుపులో పురుగు పడుతుందని కాపరులు పొద్దెక్కిన తరువాతే మందను తోలుతారు. కాబట్టి ఆరున్నర నుంచి తొమ్మిది దాకా బాటలు ఖాళీగా ఉంటాయి. మంద ఎదురైతే కిందివైపుకు దిగి, సైకిలు ఆపి, నిలబడి మాట్లాడండి. మనిషి గొంతు వింటే కుక్కలు కొంత తగ్గుతాయి, మౌనంగా వేగంగా పోతే వెంటపడతాయి. చూడి గొర్రెలు బెదిరి పరుగెత్తితే ఈసుకుపోతాయి, అంటే కడుపు పోతుంది. ఒక్క గొర్రె ఈసుకుపోయిందంటే ఆ ఇంటికి ఎంత నష్టమో మీరు ఊహించుకోగలరు.

చీకటి పడ్డాక చేల దగ్గర అసలు తిరగకండి. అడవి పందుల కోసం కొందరు కంచెకు కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధం, అయినా పెడతారు, మనుషులు పోయారు. పగటిపూట కూడా సన్నని ఇనుప తీగ నేలకు అడుగు ఎత్తున కనిపిస్తే తాకకుండా చుట్టు తిరిగి పొండి. కొండ మొదట్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, సీతాఫలాలు పండే రోజుల్లో తెల్లవారుజామున, మునిమాపున కిందికి వస్తాయి. బాట మలుపు తిరిగే ముందు గంట కొట్టడం మంచి అలవాటు. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వంటివి చేయకుండా, కదలకుండా కూర్చుని 108కి ఫోను చేయండి. ఫోను అందని చోట్లు చాలా ఉన్నాయి గనుక ఒంటరిగా పోకండి.

నీళ్లు గంటకు లీటరు లెక్కన పెట్టుకోండి. కనిగిరి, పామూరు పక్క బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఒక పూట తాగితే ప్రమాదమేమీ లేదు గానీ, పల్లెల్లో శుద్ధి చేసిన నీళ్లు అమ్మే చోట నింపుకోవడం మేలు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఎవరి ఇంట్లో అడిగినా ఇస్తారు.

జవాబు: కావలి సైకిలు

అందరికీ కృతజ్ఞతలు. ట్యూబులెస్‌కు మారి, కొత్త టైరు వేయించుకుని, పోయిన ఆదివారం మా బావమరిదితో కలిసి చంద్రశేఖరపురం పక్క ఇరవై ఒక్క కిలోమీటర్లు తొక్కి వచ్చాను. ముందు 24, వెనుక 27 పీఎస్‌ఐ. మొదటి కిలోమీటరులోనే తేడా తెలిసింది. ఇదివరకు హ్యాండిలు చేతుల్లో కొట్టుకునేది, ఈసారి గరుసు మీద చక్రం అణిగి, బరబరమని ఒకే చప్పుడుతో పోయింది. మూడు వంకలు దాటాము. మూడో వంక దాటాక రాళ్లు పెద్దవి కావడం మొదలైంది, పిడికిలి పెట్టి కొలిచి చూసుకుని, ఇద్దరం నవ్వుకుని వెనక్కి తిరిగాము. కొరికిన పొదలు, గొరిగిన గడ్డి తేడా మాత్రం మూడుచోట్ల ఒకటి తప్పు చెప్పాను. ఇంటికొచ్చి చూస్తే వెనుక టైరులో పదకొండు పల్లేరు ముళ్లు ఉన్నాయి, గాలి ఒక్క పీఎస్‌ఐ కూడా తగ్గలేదు.

తొమ్మిదింబావుకు మంద ఎదురైతే జోడిపి గారు చెప్పినట్టే కిందికి దిగి నిలబడ్డాము. కుక్క మా బావమరిది బూటు వాసన చూసి పోయింది. సీతారామపురం పక్క పోవడానికి రేంజి కార్యాలయంలో కాగితం ఇచ్చి వచ్చాను, దారిని ఒక పటం మీద గీసి మళ్లీ ఇవ్వమన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. వెనుక డిస్కు బ్రేకు దిగుడులో నెమలి కూసినట్టు కూస్తోంది, పట్టు కూడా తగ్గింది. ప్యాడ్లు మార్చాలా?

జవాబు: ఒంగోలు చువ్వలు

టైరు మార్చిన రోజున చైనుకు నూనె కూడా వేసి ఉంటారు, స్ప్రే డబ్బాతో. ఆ తుంపర డిస్కు మీద పడితే వచ్చే చప్పుడు అది. డిస్కును శుభ్రమైన గుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రెండుసార్లు తుడవండి. ప్యాడ్లు తీసి గరుకు కాగితం మీద పైపొర పోయేలా రుద్ది బిగించండి. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, చక్రం లాకు కాకుండా బ్రేకు వేసి తగ్గించడం ఇరవై సార్లు చేయండి. అప్పటికీ కూస్తే నూనె లోపలికి ఇంకిందన్నమాట, ప్యాడ్లు మార్చక తప్పదు. మార్చేటప్పుడు లోహపు రకం వేయించుకోండి, పొడుగు దిగుళ్లలో వేడికి తట్టుకుంటాయి. ఇకమీదట నూనె బొట్టుబొట్టుగానే వేయండి.